వైరు మనిషి

మొన్న ఏన్కూరు నుంచి నాతో కలిసి పనిచేసిన మాస్టారు ఫోన్ చేశారు. మనవడి అన్నప్రాసనకు రమ్మని పిలిచి, అందరి క్షేమం కనుక్కుని, ఇక పెట్టేస్తాననగా, "అన్నట్టు మేడమ్, మైకామె పోయిందంట. నెల దాటిందంట. మీకెవరన్న చెప్పిండ్రా?" అన్నారు.

ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు. ఆమెకు నేను ఏమవుతానని చెబుతారు?

ఆ రోజంతా ఏ పనిలో ఉన్నా ఆమె ఎడమ చెయ్యే గుర్తొచ్చింది. గాజుల్లేని ఆ మణికట్టుకు ఎప్పుడూ ఒక నల్ల టేపు చుట్ట వేలాడుతుండేది. కరెంటు వైర్లు అతుకు వేసినప్పుడు చుట్టే టేపు. "సంచిల ఏస్తే దేవులాడాలె. చేతికుంటే చేతికే ఉంటది" అనేది. అన్నం తినేటప్పుడు కూడా తీసేది కాదు.

నేను ఆమెను మొదట చూసింది బస్సులో. మాది మధిర వైపు. ఏన్కూరు అవతల, అడవి మొదట్లో ఉన్న గూడెం బడికి టీచరుగా నన్ను వేశారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఖమ్మంలో కనిపిస్తున్న రోజులు. ఆ గూడేల వైపు పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఏన్కూరులో గది తీసుకుని రోజూ పోయివచ్చేదాన్ని. ఒకరోజు ఆమె నా పక్క సీట్లో కూర్చుంది. ఒళ్ళో గోనెసంచి చుట్టిన బరువైన పెట్టె. కాళ్ళ దగ్గర రెండు చెక్క డబ్బాలు. భుజాన వైరు చుట్ట.

కండక్టరుకు ఆమె పాత పరిచయమే. "ఏమమ్మా, ఒళ్ళో పిల్లకు హాఫ్ టికెట్ కొట్టాల్నా?" అన్నాడు. బస్సులో నలుగురు నవ్వారు.

"పన్నెండేండ్లు దాటింది బిడ్డ. ఫుల్లే కొట్టు" అంది ఆమె, నవ్వకుండా.

అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె కిటికీ వైపు తిరిగి గోనెసంచి అంచును సర్దుకుంటూ కూర్చుంది. రోడ్డు గుంతలో బస్సు ఎగిరినప్పుడల్లా ఆ పెట్టెను రెండు చేతులతో ఒడిసి పట్టుకునేది.

తర్వాత తెలిసింది, ఆమె భర్తకు ఆ చుట్టుపక్కల మైకుసెట్టు కిరాయికిచ్చే పని ఉండేదని. పెళ్ళయినా, పండగయినా, నాటకమయినా ఆయనే. తమ్ముడితో కలిసి చేసేవాడు. ఆయన పోయాక హారన్లు, జనరేటరు, లైట్ల సెట్లు తమ్ముడి వైపు పోయాయి. బస్సులో ఆమె ఒళ్ళో ఉన్న ఆ పెట్టె, ఆంప్లిఫైయరు, ఒక్కటే మిగిలింది. అది ఆయన కూడా కొత్తగా కొన్నది కాదు. ఖమ్మంలో ఎవరో దుకాణం ఎత్తేస్తుంటే తెచ్చిన పాత సరుకు. మరిది అప్పటికే కొత్తది కొనుక్కున్నాడు కాబట్టి దీన్ని ఎవరూ అడగలేదు. మైకుసెట్టంటే జనానికి హారన్లే. అవి లేని పెట్టె దేనికి?

ఆమె దానికి ఇళ్ళలో టేపు రికార్డరుకు పెట్టుకునే మామూలు డబ్బా స్పీకర్లు సంపాదించింది. ఎవరి ఇంట్లోనో మూలన పడి ఉన్నవి. వాటితోనే చిన్న చిన్న ఫంక్షన్లకు పోవడం మొదలుపెట్టింది. పెద్ద పెళ్ళిళ్ళకు డీజేలు వస్తున్న కాలం. ఆమెను పిలిచేవాళ్ళు పేదసాదలు. ప్రార్థన కూటాలు, బారసాలలు, పెద్దకర్మలు, గూడెం బడుల్లో జెండా పండగలు.

ఒక ఆదివారం ఆమె గదికి వెళ్ళాను. బస్టాండు వెనక, ఒక వడ్లకొట్టును ఆనుకుని ఉన్న ఒంటి గది. పెట్టెను బల్ల మీద పెట్టి, వెనక వైపు నాకు చూపించింది. వరసగా ఇత్తడి స్క్రూలు. వాటిలో ఒకదాని పక్కన ఎర్రటి స్టిక్కరు బొట్టు అంటించి ఉంది.

"ఇదేంటక్కా?" అన్నాను.

"తెల్వక తగలబెట్టుకున్న టీచరమ్మా. ఆయన ఎప్పుడు హారన్ల వైర్లు గా చివరి స్క్రూకు బిగిస్తుండె. నేను రోజు చూసిందే గద అని ఈ డబ్బాలు గూడ గాడనే బిగించిన. పాట మొదలు కాంగనే కమురు వాసన. రెండు డబ్బాలు మాడిపాయె. మా ఆయన పోయిన్నాడు గూడ గంత ఏడ్వలే."

"ఎందుకలా?"

"ఖమ్మంల రిపేరాయన చెప్పిండు. హారన్ల లోపట ఏదో కాయిల్ ఉంటదంట. గందుకని గవి గంత జోరుకు తట్టుకుంటయంట. ఇంటి డబ్బాలకు గది ఉండదు. ఈ స్క్రూకే పెట్టాలె అన్నడు. మర్చిపోకుంట బొట్టు పెట్టుకున్న."

మాట్లాడుతూనే స్విచ్ వేసింది. పెట్టె మీది ఎర్ర లైటు వెలిగి, డబ్బాల్లోంచి సన్నగా గుయ్‌మని చప్పుడు మొదలైంది. పాట పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. టీ పొయ్యి మీద పెట్టి, కూరగాయలు తరుగుతూ కబుర్లు చెప్పింది. చాలాసేపటికి, "అక్కా, పాటేమీ లేదుగా, ఆపేద్దామా?" అన్నాను.

"ఉండనియ్యి. ఇంట్ల మనిషున్నట్టు ఉంటది" అంది.

మధ్యలో లేచి అరచేతి వెనక వైపుతో పెట్టె పైన తాకి చూసేది, జ్వరం వచ్చిన వాళ్ళ నుదురు చూసినట్టు. "వేడెక్కింది. జర నిమ్మళంగుండు" అనేది దానితో.

ఆమె ఎన్నడూ మైకులో మాట్లాడేది కాదు. అందరూ 'హలో, మైక్ టెస్టింగ్' అంటారు. ఆమె మైకు మీద గోటితో టకటకమని కొట్టి, ఒకసారి ఉఫ్‌మని ఊది, ఇచ్చేసేది. ఒకసారి మా బడి ఫంక్షన్లో పిల్లల పేర్లు పిలవమంటే వెనక్కి జరిగింది. "మాట్లాడేది మా ఆయన. నేను వైరు మనిషిని" అంది.

వైరు మనిషి అన్న మాటకు అర్థం నాకు ఇంకో ఊళ్ళో తెలిసింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రైతు ఇంట్లో ఆడపిల్లకు ఓణీల ఫంక్షను. రావాల్సిన డీజే బండి ఎక్కడో చెడిపోయిందట. చివరి నిమిషంలో ఈమెను పిలిపించారు. నేనూ భోజనానికి వెళ్ళాను. పందిరి దగ్గర ఇంటావిడ ఆమెను చూసి ఒక్కక్షణం ఆగిపోయింది.

"ఏమ్మా, నువ్వా వచ్చింది? మీవాళ్ళు మగాళ్ళెవరూ లేరా? ఏమీ అనుకోకు... శుభమా అని పిల్లని కూర్చోబెడుతున్నాం..." అని నసిగింది.

"నేను రానమ్మ లోపటికి. వైరు వస్తది" అంది ఆమె.

అంతే. ఎవరి మొహమూ చూడలేదు. డబ్బాలు రెండూ అక్కడి కుర్రాళ్ళ చేత పందిట్లో పెట్టించి, వైరును గోడ మీదుగా వెనక్కి లాగించుకుని, తాను పశువుల కొట్టంలో పెట్టె ముందు కూర్చుంది. లోపల ఏం జరుగుతోందో ఆమెకు కనిపించదు. పంతులుగారి గొంతు మైకుకు దగ్గరైనప్పుడు తగ్గించేది, దూరమైనప్పుడు పెంచేది. అంతా చెవి మీదనే. నేను విస్తరి దగ్గర నుంచి లేచి అటు వెళ్ళి, గడ్డి మోపు మీద కూర్చున్నాను.

"ఈడికెందుకొచ్చినవ్ టీచరమ్మా? తిన్నవా?"

"తిన్నాను. నీకు తెస్తామన్నారా?"

"తెస్తరు." పెట్టె మీద ముల్లు ఊగడం చూస్తూ, "పిల్ల ఏం రంగు ఓణీ కట్టింది?" అంది.

"చిలకపచ్చ."

"అంచు?"

"ఎర్రంచు. జరీ సన్నంగా ఉంది."

"జడకు?"

"పూలజడ వేశారు. మల్లెలు, మధ్యలో కనకాంబరాలు."

ఆమె తలూపింది. లోపల మంగళహారతి పాట అందుకున్నారు. పాడేది ఎవరో ముసలావిడ, గొంతు సన్నం. ఈమె వాల్యూం నాబును వెంట్రుకవాసంత తిప్పింది. గొంతు పందిరంతా నిండింది. "మంచిగ పాడుతుంది పెద్దమ్మ" అంది గోడ వైపు చూస్తూ.

ఆ తర్వాత సంవత్సరం ఇప్పపూల కాలంలో మా గూడెం బడికి వార్షికోత్సవం పెట్టుకున్నాం. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పొద్దున బస్సులో నాతోపాటే ఆమె సామాను వేసుకుని వచ్చింది. పగలు కరెంటు ఉండదని ట్రాక్టరు బ్యాటరీ తెప్పించి తగిలించింది. పిల్లలు పాటలు పాడారు, పెద్దలు చప్పట్లు కొట్టారు. సామాను సర్దుతుండగా ఒక కోయ ఆడమనిషి పరుగున వచ్చింది. మా బడిలో చదివే ఆడపిల్ల తల్లి.

"టీచరమ్మా, మా మామ వచ్చిండా ఈడికి?" అంది.

రాలేదు. ఆమె మామ చాలా ముసలివాడు. భార్య పోయినప్పటి నుంచి మతి నిలకడ తప్పింది. తెల్లవారుజామున అందరితో కలిసి ఇప్పపువ్వు ఏరడానికి అడవిలోకి వెళ్ళాడట. మిగతావాళ్ళు ఎండెక్కకముందే తిరిగి వచ్చారు. ఆయన వాళ్ళ వెంటే ఉన్నాడనుకున్నారు. లేడు.

మగవాళ్ళు నాలుగు దిక్కులా బయలుదేరారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ముసలాయన దగ్గర నీళ్ళు కూడా లేవు. కోడలు బడి మెట్ల మీద కూలబడింది. అప్పుడు మైకామె తనంతట తానే డబ్బాలు మళ్ళీ విప్పింది. అడవి వైపు తిప్పి పెట్టించి, మైకు ఊర్లో ఒకతని చేతికిచ్చింది. అతను పిలిచాడు. వెతకబోయిన వాళ్ళలో ఒకడు వెనక్కొచ్చి, చెరువుకట్ట దాటితే ఏమీ వినపడటం లేదన్నాడు.

"ఇవి ఇంటి డబ్బాలు బిడ్డ. నలుగురు కూసున్న కాడికే చెప్తయి. దూరం పోవాల్నంటే హారన్లు గావాలె" అంది ఆమె.

హారన్లు ఉన్నది మరిది దగ్గర. పంపకాలప్పటి నుంచి వాళ్ళకు మాటల్లేవు. ఒకే ఊళ్ళో ఉంటూ, ఒకరినొకరు చూసి తల తిప్పుకుని పోయేవాళ్ళు. ఆమె మోటారు సైకిలున్న కుర్రాణ్ణి పిలిచింది.

"ఏన్కూరు పో. మా మరిది దుకాణం అందరికెరికే. హారన్లు గావాల్నని చెప్పు. వదినె అడిగిందని చెప్పు. జల్దీ పో."

పంపాక, వస్తాడో రాడో అని ఆమె నాతో అనలేదు. రోడ్డు వైపు మాత్రం చూడకుండా వైర్లు సాఫు చేస్తూ కూర్చుంది.

వచ్చాడు. కుర్రాడి బండి వెనకే తన బండి మీద, రెండు పెద్ద హారన్లు తాళ్ళతో కట్టుకుని వచ్చాడు. వదినె దగ్గరికి రాలేదు. నేరుగా అడవి అంచున ఉన్న ఎత్తైన మద్దిచెట్టు దగ్గరికి పోయి, పైకెక్కి హారన్లు కట్టాడు. వైరు కిందికి వదిలాడు. ఆమె పెట్టెను చెట్టు కిందికి తెప్పించుకుని, బొట్టున్న స్క్రూ నుంచి డబ్బాల వైర్లు విప్పి, హారన్ల వైరు చివరి స్క్రూకు బిగించింది.

మైకు మరిది అందుకున్నాడు. జాతరల్లో అలవాటైన గొంతు. "హలో, హలో, తప్పిపోయిన పెద్దమనిషి ఎక్కడున్నా వెంటనే బడి దగ్గరికి రావలసిందిగా..." అని గంభీరంగా చదివినట్టు చెప్పాడు. అడవి మారుమోగింది. పక్షులు లేచాయి. ఎంతసేపయినా ఎవరూ రాలేదు.

మా వెంట చెట్టు దగ్గరికి వచ్చిన కోడలు ఏడుస్తూనే, "గట్ల పిలిస్తే ఆయనకు సమజ్ గాదు. ఎవలనో పిలుస్తున్నరనుకుంటడు" అంది.

మైకామె ఆమె పక్కన కూర్చుంది. "మీ అత్త ఉన్నప్పుడు, ఆయన్ను బువ్వకు ఎట్ల పిలుస్తుండె?"

కోడలు వాళ్ళ భాషలో చెప్పింది. రెండే మాటలు. చివరి మాటను సాగదీసి పిలిచేదట. మైకామె ఆ మాటలు పెదాల మీద రెండు మూడుసార్లు అనుకుంది. కోడలు సరిదిద్దింది. "నువ్వే పిలువరాదు?" అంటే కోడలు తల అడ్డంగా ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరిది మైకు చాచి నిలబడ్డాడు. ఎవరికిస్తున్నాడో చూడకుండానే చాచాడు. ఆమె తీసుకుంది.

ఆమె గొంతు అంత నిండుగా ఉంటుందని నేను అనుకోలేదు. బస్సులో, గదిలో ఎప్పుడూ గొణిగినట్టే మాట్లాడేది. కళ్ళు మూసుకుని ఆ రెండు మాటలూ పిలిచింది, చివరిది సాగదీసి. పిలిచి, మైకు ఆపేసి, చెయ్యెత్తింది. అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఆగింది. పొద్దు వాలేదాకా అదే. గొంతు బొంగురుపోయింది. నీళ్ళిస్తే ఒక గుక్క తాగి మళ్ళీ పిలిచింది. మరిది బ్యాటరీ దగ్గర కూర్చుని, ఆమె చెయ్యెత్తినప్పుడల్లా తానూ అడవి వైపు చెవి పెట్టాడు.

ఎండ ఎర్రబడుతుండగా వాగు వైపు బాట మీద ముసలాయన వచ్చాడు. ఎవరూ వెతికి తేలేదు, తనే వచ్చాడు. పైబట్టలో ఇప్పపువ్వు మూటకట్టుకుని, విసుగ్గా, ఇన్నిసార్లు పిలవాలా, వస్తున్నా కదా అన్నట్టుగా ఏదో అంటూ వచ్చాడు. గూడెమంతా ఆయన చుట్టూ మూగింది. ఆయన ఒక్కొక్క ఆడమనిషి మొహమూ చూశాడు. మైకు పట్టుకున్న ఆమె దగ్గర కూడా ఒక్కక్షణం ఆగాడు. తర్వాత కోడల్ని ఏదో అడిగాడు. కోడలు ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. జనమంతా వాళ్ళ వెంట పోయారు.

చెట్టు కింద మేం ముగ్గురమే మిగిలాం. మరిది హారన్లు దింపాడు. బండికి కడుతూ, "వదినె, ఒకటి ఉంచుకుంటవా?" అన్నాడు.

"వద్దు బాబు. నాకు డబ్బాలు చాలు."

"గట్లగాదు, మళ్ళ ఎప్పుడన్న అవసరం..."

"గప్పుడు అడుగుత" అంది. అతను తలూపి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్సు పోయింది. మమ్మల్ని ఒక ట్రాక్టరు ట్రాలీలో ఏన్కూరు పంపారు. ఆమె పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలాదూరం వచ్చాక, "ముసలాయన ఏడికెల్లి విన్నడంట టీచరమ్మా?" అంది.

"వాగు అవతల నుంచి అన్నారు."

"వాగు అవతలికా?" అంది. గొంతు పూర్తిగా పోయి, గాలిలాగా వచ్చింది మాట. "గంత దూరం పోయిందా!"

ట్రాలీ కుదుపులకు తల పక్కకు వాలిపోతున్నా నిద్రపోలేదు.

గూడెంలో ఆమె తర్వాత చాలాసార్లు కనిపించింది. అక్కడ ఏ పండగయినా ఆమే. పందిరి బయట కూర్చోమన్నవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. అయినా ఆమె అలవాటు కొద్దీ బయటే కూర్చునేది. ఆ కోడలు వచ్చి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయేది. లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, టేపు చుట్టను మణికట్టు చుట్టూ తిప్పుతూ ఉండేది.

నాకు ఖమ్మానికి బదిలీ అయింది. ఆమెకు మోకాళ్ళు పట్టేసి బరువు మోయలేకపోతే, ఆ పెట్టెను గూడెంవాళ్ళకే ఇచ్చేసిందని విన్నాను. ఒకటి రెండుసార్లు ఆమె గదికి వెళ్ళి చూసి వచ్చాను. తర్వాత కుదరలేదు.

మాస్టారి ఫోను వచ్చాక మొదటి ఆదివారమే ఏన్కూరు బస్సెక్కాను. ఆమె గదిలో ఇంకెవరో అద్దెకు దిగారు. మరిది దుకాణానికి వెళ్ళాను. మనిషెత్తు డీజే డబ్బాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసి, టీ తెప్పించాడు. జుట్టు పూర్తిగా నెరిసింది.

"జరమొచ్చింది టీచరమ్మా. ఖమ్మం దవాఖానాకు నేనే తీస్కపోయిన. ఆడనే పోయింది. మళ్ళ ఈడికే తెచ్చి అంతా చేసిన."

"మంచి పని చేశారు."

అతను టీ గ్లాసును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "మైకోళ్ళ ఇంట్ల మనిషి చప్పుడు లేకుంట ఎట్ల పోతదని, బండికి డబ్బాలు కట్టించిన. డ్యాన్సు పాటలు గాదు, వదినెకు ఏది ఇష్టమైతే గది పెడదామనుకున్న. పెన్‌డ్రైవుల లేని పాట లేదు. మా అన్నకు ఏ పాటలు ఇష్టమో నాకన్నీ ఎరికే. వదినెకు ఏదిష్టమో తెల్వలే. పక్కోళ్ళను అడిగిన. ఎవలకూ తెల్వదన్నరు."

"మరి ఏం పెట్టారు?"

"ఏం పెట్టలే. గట్లనే తీస్కపోయినం." గ్లాసు కింద పెట్టి తలెత్తాడు. "మీరు రోజు బస్సుల పక్కపక్కన కూసుంటుండె గద. మీకేమన్న తెలుసా?"

చాలాసేపు ఆలోచించాను. తెలియదన్నాను.

అతను అవునన్నట్టు తలూపాడు. అప్పటికే గుమ్మంలో పెళ్ళివారెవరో వచ్చి నిలబడ్డారు. లేచి వెళ్ళి వాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళలో పెళ్ళికొడుకు అన్నయ్యట ఒకతను, ఊరేగింపుకు మొదట ఏ పాట పెట్టాలో, తర్వాత ఏది పెట్టాలో ఒక్కొక్కటిగా చెబుతున్నాడు. ఇతను అన్నింటికీ "అవ్, ఉన్నది" అంటున్నాడు.